లాగే బరువొక్కటే చూసి బండి ఎంచుకోవద్దు

గౌరవనీయులైన సంపాదకులకు,

కాంపర్ ట్రైలర్ల (బండి వెనక తగిలించుకుని వెళ్లే చక్రాల ఇళ్ల) గురించి పత్రికల్లో వచ్చే వాహనాల పట్టికల్లో ఒక్క అంకే ప్రముఖంగా కనిపిస్తుంది: ఈ బండి ఇన్ని వేల కిలోలు లాగుతుంది అని. పెద్ద ట్రైలర్ కొనాలనుకునేవాళ్లు దాని బరువును ఆ అంకెతో పోల్చి, సరిపోయిందని నిశ్చింతగా ఉంటారు. కానీ చాలా బండ్లలో లాగే సామర్థ్యం ఇంకా మిగిలి ఉండగానే మోసే సామర్థ్యం, అంటే పేలోడ్, అయిపోతుంది. మీ వాహనాల పేజీలో ఈ రెండు అంకెలనూ పక్కపక్కనే ప్రచురించాలని కోరుతున్నాను.

లెక్క ఇలా వేయాలి. ట్రైలర్ బ్రోచర్‌లో ఉండే ఖాళీ బరువును పక్కన పెట్టండి. నీళ్లు, గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీలు, పరుపులు, వంట సామాను అన్నీ ఎక్కాక ఆ బరువుతో ఎవరూ ప్రయాణించరు. 150 లీటర్ల నీళ్లే 150 కిలోలు. ఖాళీగా 2,700 కిలోలుండే ట్రైలర్‌కు తయారీదారు అనుమతించిన గరిష్ఠ బరువు 3,400 కిలోలైతే, లెక్కలోకి 3,400నే తీసుకోవాలి. ఉత్తర అమెరికా తరహా పెద్ద ట్రైలర్లలో మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్‌ను బండి వెనక తగిలించే అమరిక) మీద పడాలి. 13 శాతం అనుకుంటే 442 కిలోలు. ఇది బండి లాగే బరువు కాదు, వెనకవైపు మోసే బరువు. దానికి హిచ్ సామగ్రి మరో 45 కిలోలు కలపండి. బండి పేలోడ్ 700 కిలోలైతే మిగిలేది 213. డెబ్బయ్యేసి కిలోల మనుషులు నలుగురు కూర్చుంటే 280. సామాను ఒక్కటి కూడా పెట్టకముందే పరిమితి 67 కిలోలు దాటిపోయింది. అదే బండి బ్రోచర్‌లో లాగే సామర్థ్యం 4,500 కిలోలని ఉండవచ్చు, అదీ నిజమే కావచ్చు.

పేలోడ్‌ను కూడా బ్రోచర్‌లో చూడకూడదు. అక్కడ వేసేది సాధారణంగా ఆ మోడల్‌లో అతి తేలికైన రకానిది. ఫోర్ వీల్ డ్రైవ్, సన్‌రూఫ్, పెద్ద చక్రాలు చేరేకొద్దీ అది తగ్గుతూ పోతుంది. మీరు కొనబోయే బండికే డ్రైవర్ తలుపు తెరిచి, తలుపు చట్రం మీదున్న స్టిక్కర్ చదవండి. అమెరికా బండ్ల స్టిక్కర్ మీది అంకెలోంచే డ్రైవర్ బరువును కూడా తీసేయాలి. ఐరోపా ట్రైలర్లలో హిచ్ మీద పడే బరువు శాతం చాలా తక్కువ, అక్కడి డిజైన్లూ వేగ పరిమితులూ వేరు. ఒక చోటి అంకెను తెచ్చి మరో చోటి బండికి అతికించడం ప్రమాదకరం.

ఇక వెనక ఇరుసు సంగతి. హిచ్ ఆ ఇరుసుకు వెనక ఉంటుంది కాబట్టి, కావడికి ఒక కొస కుంగితే రెండో కొస లేచినట్టు బండి ముందు భాగం లేస్తుంది. వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 3.6 మీటర్లు, వెనక ఇరుసు నుంచి హిచ్ బంతికి దూరం 1.5 మీటర్లు అనుకోండి. 442 కిలోలు పెడితే ముందు ఇరుసు మీద 184 కిలోలు తగ్గుతాయి, వెనక ఇరుసు మీద 626 పెరుగుతాయి. స్టీరింగ్ తేలిపోతుంది, ముందు చక్రాలకు బ్రేకు పట్టు తగ్గుతుంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో పడతాయి. కడ్డీలతో బరువును పంచే హిచ్ వాడితే ఇందులో కొంత ముందు ఇరుసుకూ, కొంత ట్రైలర్ ఇరుసులకూ చేరుతుంది. అంతమాత్రాన బండికిచ్చిన పరిమితులు పెరగవు. వెనక ఇరుసు దగ్గర అమర్చే గాలి బ్యాగులూ, అదనపు కమాన్లూ అంతే. కుంగిన బండిని లేపుతాయి తప్ప ఇరుసునీ టైర్లనీ బలపరచవు. రిసీవర్ (హిచ్‌ను దూర్చే, బండి వెనకుండే గొట్టం) మీద కూడా దాని సొంత పరిమితి రాసి ఉంటుంది. అన్నిటిలో ఏది తక్కువైతే అదే మీ పరిమితి.

బరువు ఎక్కువైందని సామానును ట్రైలర్ వెనక్కి జరపడం అన్నిటికన్నా చెడ్డ పని. హిచ్ మీద బరువు తగ్గితే, గాలి కొట్టినప్పుడో పెద్ద లారీ పక్కనుంచి దాటినప్పుడో ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది, వేగం పెరిగేకొద్దీ అది బండినే తిప్పేస్తుంది. అప్పుడు బండి బ్రేకు తొక్కకూడదు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ నేరుగా పట్టుకుని, బ్రేక్ కంట్రోలర్ మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయాలి. అందుకే ఆ కంట్రోలర్ డ్రైవర్ చేతికి అందేచోట ఉండాలి. బండి ఎంత గట్టిగా ఆగుతుంటే ట్రైలర్ బ్రేకులూ అంత గట్టిగా పట్టే ప్రొపోర్షనల్ రకమే ఎంచుకోవాలి. పొడుగు ట్రైలర్‌కు పొట్టి వీల్‌బేస్ బండి కట్టినా ఊగడం ఎక్కువే. 6 మీటర్ల ట్రైలర్‌కు సుమారు 2.8 మీటర్ల వీల్‌బేస్, ఆపైన ప్రతి 30 సెంటీమీటర్లకు 10 సెంటీమీటర్లు అదనం అన్నది అనుభవజ్ఞుల మోటు లెక్క.

ఇంజిన్ గురించి అందరూ మాట్లాడతారు కాబట్టి క్లుప్తంగా. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం) లేని ఇంజిన్ ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ సుమారు పదో వంతు శక్తి పోగొట్టుకుంటుంది. ఘాట్ రోడ్లెక్కేవాళ్లకు టర్బో అవసరం. ఒకే మోడల్‌లో ఒకే ఇంజిన్ ఉన్నా, ఇరుసు నిష్పత్తి (చక్రం ఒకసారి తిరగడానికి ఇరుసును తిప్పే షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో చెప్పే అంకె) 3.31 ఉన్న బండి కన్నా 3.73 ఉన్నది ఎక్కువ లాగుతుంది. గేరుబాక్సు ఆయిల్‌కు కూలర్ ఉందో లేదో చూడండి. దిగేటప్పుడు, పొగను అడ్డగించి ఇంజిన్‌తోనే వేగం తగ్గించే డీజిల్ ఎగ్జాస్ట్ బ్రేకు చేసే మేలు ఇంతా అంతా కాదు.

అన్నీ కుదిరాక కాటా వేయించాలి. ముందు మనుషులతో, సామానుతో, నిండు ట్యాంకుతో బండిని ఒంటరిగా తూచండి. ముందు, వెనక ఇరుసులు విడివిడిగా, మొత్తం కలిపి. తర్వాత ట్రైలర్ తగిలించి, బరువు పంచే కడ్డీలు బిగించకుండా, బండి చక్రాలు మాత్రమే కాటా మీదుంచి తూచండి. ఈ రెండు మొత్తాల తేడాయే హిచ్ మీద పడే అసలు బరువు. మూడోసారి కడ్డీలు బిగించి తూచి, ముందు ఇరుసు కోల్పోయిన బరువులో ఎంత తిరిగొచ్చిందో చూడండి. ఎంత రావాలో బండి మాన్యువల్లో ఉంటుంది. వెనక ఇరుసు బరువును తలుపు చట్రం మీద రాసిన పరిమితితో పోల్చండి. ట్రైలర్ చక్రాలనూ విడిగా తూచండి. నీళ్ల ట్యాంకు నిండుగా ఉన్నప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ హిచ్ బరువు మారుతుంది కాబట్టి, ఆ రెండు స్థితుల్లోనూ కాటా చీటీలు తీసుకుని బండిలోనే ఉంచుకోండి.

ఇట్లు,
ఒక పాఠకుడు