తప్పు ఎత్తిచూపితే క్షమాపణ చెప్పాలా?

సంపాదకులు గారికి,

పోయిన నెల మన నగరంలో జరిగిన ఒక కర్ణాటక సంగీత కచేరీ గురించి ఒక పెద్దాయన, పేరున్న వయొలిన్ విద్వాంసుడు నాలుగు మాటలు అన్నారు. అప్పటి నుంచి ఆయన్ని ఫోన్లలో తిట్టనివాళ్లు లేరు. కచేరీలు పెట్టించే సభవాళ్లయితే ఆయనకు చేయాల్సిన సన్మానం ఆపేసి క్షమాపణ అడుగుతున్నారట. పేర్లు కావాలనే రాయడం లేదు. విశాఖలో కచేరీలకు వెళ్లేవాళ్లకు చెప్పనక్కర్లేదు కూడా.

ఇంతకీ ఆయన అన్నదేమిటి? అంత మంచి గొంతున్న గాయకుడు కల్యాణి రాగం ఆలాపన (తాళం, సాహిత్యం లేకుండా రాగాన్ని విస్తరించి పాడటం) రెండు నిమిషాల్లో ముగించేసి, మిగతా సమయం కీబోర్డుకూ డ్రమ్స్‌కూ వదిలేశాడని. తని ఆవర్తనంలో, అంటే తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగంలో, మృదంగం వినబడనే లేదని. ఆ రోజు నేనూ హాల్లో ఉన్నాను. ఆ కుర్రాడి పాటంటే ఇష్టమై టికెట్ కొనుక్కునే వెళ్లాను. మృదంగం నాకూ వినబడలేదు. (మైకుల వాళ్ల గురించి వేరే ఉత్తరం రాయాలి.)

దీనికి అభిమానుల జవాబు: ‘ముసలాయనకు కుళ్లు. ఆయన కచేరీకి పట్టుమని యాభై మంది రారు.’ రాకపోవచ్చు. దానికీ కల్యాణికీ ఏమిటి సంబంధం? ‘ఆలాపన చిన్నదే అయినా ఫలానా సంచారం (రాగంలో స్వరాల నడక) ఎంత బాగా వేశాడో వినలేదా’ అని ఒక్కరు అడిగి ఉంటే నాలాంటివాళ్లం ఏదో నేర్చుకునేవాళ్లం. చాటుగా పిలిచి చెప్పొచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు. శాలువా కప్పి పొగిడేది మైకులోనే కదా, మరి విమర్శ మాత్రం చెవిలో చెప్పాలా?

1980ల్లో ఇంతకంటే పెద్ద గొడవే జరిగింది. బాలమురళీకృష్ణ గారు కొత్త రాగాలు సృష్టించానంటే వీణ బాలచందర్ గారు బహిరంగంగా కాదన్నారు. రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలన్నది పాత పద్ధతి. మహతి, లవంగి రాగాల్లో ఉన్నవి నాలుగే. బాలమురళి మన గోదావరి మనిషి, నేను ఇప్పటికీ ఆయన పక్షమే. అయినా అలా అడిగే హక్కు బాలచందర్‌కు లేదని అనలేను. ఏళ్ల తరబడి వీణతో గడిపినాయన అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు? ఆ వాదం వల్ల బాలమురళి పాట ఆగలేదు. మహతి ఇప్పటికీ వింటున్నాం.

వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠం చెప్పిన విజయనగరం మనకు పక్కనే. ఇలాంటి చోట ఒక విద్వాంసుడు తప్పును తప్పు అన్నాడని సభవాళ్లు సన్మానం ఆపేశారట. క్షమాపణ రాసిస్తే మళ్లీ ఆలోచిస్తారట! ఆ షరతు వెనక్కి తీసుకోవాలి. అంతేకాదు, ఇద్దరినీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి కల్యాణి మీద సోదాహరణ ప్రసంగం పెట్టించమని నా మనవి. గాయకుడు పాడి చూపిస్తాడు, ఆయన వాయించి చూపిస్తారు. డ్రమ్స్ మాత్రం వద్దు. టికెట్ పెట్టినా వస్తాం.

— ఒక శ్రోత, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం