ట్రంకుపెట్టెలోని ఊరి పేర్లు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు,

నమస్కారం. పరీక్షల తేదీలు, బస్సు వేళల్లో మార్పులు ఈ నెల వార్తాలేఖ చివరి పేజీలో ఇచ్చాం. ఈ పేజీని మాత్రం మన పాఠశాలకు ఇటీవల వచ్చిన ఒక ఆకుపచ్చ ట్రంకుపెట్టె కోసం ఉంచుకున్నాను.

మన ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరి తాతగారు సైన్యంలో పదిహేనేళ్ళు పనిచేసి, 1978లో చిత్తూరుకు తిరిగివచ్చి, ఆ తరువాత చాలాకాలం ఒక తెలుగు దినపత్రికకు విలేఖరిగా ఉన్నారు. ఆయన పోయిన తరువాత ఇంట్లో మిగిలిన కాగితాలను మన పిల్లలు చదివి జాబితా రాయడానికి ఆ కుటుంబం కొన్ని నెలలపాటు మనకు అప్పగించింది. పేరు వేయవద్దని వారు కోరారు కాబట్టి ఇక్కడ ఆయనను తాతగారు అనే అంటాను.

పెట్టె పైభాగాన డిశ్చార్జి పుస్తకం, పింఛను కాగితాలు, ఒక గుడ్డసంచిలో 1971 యుద్ధంలో పనిచేసినవారికి ఇచ్చిన పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ అనే పతకాలు ఉన్నాయి. చైనా యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1963లో, ఆయన బెంగళూరు వెళ్ళి మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌లో చేరారు. 1780 నాటి ఆ దళం పని వంతెనలు కట్టడం, దారులు వేయడం, శత్రువు పాతిపెట్టిన మందుపాతరలు తీయడం. 1971 డిసెంబరు 3న పాకిస్తాన్‌తో మొదలైన యుద్ధం 16న ఢాకాలో ముగిసిందనీ, దాదాపు 93,000 మంది లొంగిపోయారనీ పిల్లలు ఇప్పటికే తెలుసుకున్నారు. ఆ యుద్ధంలో మహావీరచక్ర అందుకున్న మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ గారు తిరుపతివారేనని, ఆ గెలుపుకు యాభై ఏళ్ళయిన సందర్భంగా ఊరూరా తిప్పిన విజయజ్యోతి 2021లో తిరుపతికి వచ్చినప్పుడు ఆయనకు సత్కారం జరిగిందని కూడా కొందరికి తెలుసు. అటువంటి సేనానుల పరాక్రమం ప్రభుత్వ గెజెట్‌లోకి ఎక్కుతుంది. నదిలో నడుములోతు నీళ్ళలో నిలబడి వంతెన పలకలు మోసిన సిపాయి మాట మాత్రం ఇలాంటి పెట్టెలో తప్ప ఇంకెక్కడా ఉండదు. అందుకే ఈ కాగితాలకు ఇంత విలువ ఇస్తున్నాను.

ఉత్తరాల కట్ట విప్పిన రోజున పిల్లలు మొదట గమనించింది ఏమిటంటే, తాతగారు ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఒక్కదానిలోనూ ఆయన ఉన్న ఊరి పేరు లేదు. చిరునామా ఉండవలసిన చోట దళం పేరు, దాని కింద 99 ఎ.పి.ఓ. (ఆర్మీ పోస్టాఫీసు) అని మాత్రమే ఉంది. తూర్పు సరిహద్దు వైపు ఉన్న సైనికులకు వెళ్ళే టపాకు అది గుర్తు. ఏ దళం ఎక్కడ ఉన్నదీ శత్రువుకు తెలియకూడదు కనుక ఊరు రాయడం నిషేధం. 1971 నాటి ఉత్తరాల్లో ఆయన అక్షరం రాని తల్లికి తాను క్షేమమని, ఇక్కడ ఎటు చూసినా నీళ్ళేనని, మన బావిలో ఊట ఎలా ఉందని పదేపదే రాశారు. కరువుసీమ నుంచి వెళ్ళిన మనిషి బెంగాల్ నదులను చూసి మన బావిని తలుచుకోవడం చదువుతూ ఉంటే గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

అదే మనిషి విలేఖరి అయ్యాక రాసిన ప్రతి కాగితమూ ఊరి పేరుతోనే మొదలవుతుంది. దామలచెరువు, ఫలానా తేదీ: మామిడి మండీలో ధరలు పడిపోయాయి. పాకాల, ఫలానా తేదీ: వానలు లేక వేరుశనగ ఎండింది. చిత్తూరు, ఫలానా తేదీ: బెల్లం మార్కెట్టుకు బండ్లు రాలేదు. పత్రికల్లో దీనిని డేట్‌లైన్ అంటారు, ఏ విలేఖరి అయినా రాయవలసిందే. కానీ తాతగారు పత్రికకు పంపని కాగితాల మీద కూడా, కిరాణా పద్దు మీద, మనవరాలి టీకాల చీటీ వెనక కూడా, ఊరూ తేదీ వేశారు. ఏళ్ళ తరబడి రాయకూడని ఊరి పేరును ఆ తరువాత ఎక్కడా వదిలిపెట్టలేదని మా తెలుగు ఉపాధ్యాయురాలు అన్నారు. నాకూ అది నిజమనే అనిపించింది.

వార్తల కత్తిరింపులు పాత నోటుపుస్తకాల్లో అన్నంమెతుకులతో అంటించి ఉన్నాయి. గ్రామీణ విలేఖరులకు జీతం ఉండేది కాదు. అచ్చయిన వార్తను కొలిచి, దాని నిడివిని బట్టి డబ్బు ఇచ్చే పద్ధతిని లైన్ అకౌంట్ అనేవారు. కత్తిరింపు పక్కన తాతగారు స్కేలుతో కొలిచి వేసుకున్న సెంటీమీటర్ల లెక్కలు పెన్సిలుతో ఉన్నాయి. సాయంత్రం బస్సులో వార్తల కవరు పంపిన రోజున పంపిన సమయం, వార్త తప్పిపోయిన రోజున ఎందుకు తప్పిందో కూడా రాసుకున్నారు.

ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి కనిపెట్టిన సంగతి చెప్పకుండా ఉండలేను. 1972లో బంధువు ఒకరు తాతగారి ఇంటికి పంపిన కవరు మీద మామూలు స్టాంపు పక్కన ఇంకో 5 పైసల స్టాంపు ఎందుకు ఉందని వాడు అడిగాడు. తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటిమంది శరణార్థులు మన దేశంలోకి వచ్చినప్పుడు వారి ఖర్చుల కోసం ప్రభుత్వం 1971 నవంబరు 15 నుంచి 1973 మార్చి 31 వరకు ఉత్తరాల మీద వేసిన అదనపు పన్ను అది. ఆ శరణార్థుల కోసం మామూలు జనం కూడా చెల్లించినది ఏమిటో ఆ చిన్న స్టాంపు చూపించింది.

ఇందులో నాకొక సొంత బాధ కూడా ఉంది. మా నాన్నగారి ఉత్తరాలను, ఒక సంక్రాంతికి ఇల్లు సున్నం కొట్టించినప్పుడు, నేనే చూసుకోక పాత పేపర్ల బండికి వేసేశాను. వాటిలో ఏముందో ఇప్పుడు చెప్పగలిగినవారు లేరు. మీ ఇళ్ళలో అటక మీద ఇలాంటి కట్టలు ఉంటే పండగ శుభ్రతకు ముందే కిందికి దించి చూడమని మిమ్మల్ని కోరుతున్నాను. తుప్పు పట్టిన గుండుసూదులు తీసేయండి. చిరిగినచోట సెల్లోటేపు వేయవద్దు, లామినేషన్ అసలే వద్దు, ఒకసారి చేస్తే మళ్ళీ తీయలేరు. న్యూస్‌ప్రింట్‌లో ఉండే లిగ్నిన్ అనే పదార్థం వెలుతురుకు, గాలికి పసుపెక్కి పెళుసవుతుంది కనుక కత్తిరింపులను ఎండలో ఆరబెట్టకుండా మంచి కాగితం మీద జిరాక్స్ తీయించి, అసలును నూలుగుడ్డలో చుట్టి చెదలు, తేమ చేరని చోట ఉంచండి. పెద్దవారు కట్టిన వరుస మార్చకండి, ఆ వరుస కూడా ఒక సమాచారమే.

తాతగారి ఉత్తరాల్లో పూర్తిగా ఇంటి విషయాలైనవి కుటుంబమే ముందుగా తీసి ఉంచుకుంది. మిగిలినవి చదివే పని ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు శనివారాల్లో మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగున్నర వరకు గ్రంథాలయంలో చేస్తారు. పాల్గొనేవారికి అనుమతి పత్రం డైరీలో అంటించాం, సంతకం చేసి సోమవారంలోగా తరగతి ఉపాధ్యాయులకు పంపండి. సైన్యంలోనో, పత్రికల్లోనో పనిచేసిన పెద్దవారు మీ ఇంట ఉంటే, వారు ఓపిక ఉన్న శనివారం వచ్చి ఆ చేతిరాతలోని పొట్టిమాటలు పిల్లలకు విడమరచి చెప్పగలిగితే మాకు ఎంతో సాయం. రావడానికి కష్టమైతే పిల్లలనే వారి వద్దకు తీసుకువస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
చిత్తూరు