షుగర్ ముప్పున్న మా అమ్మాయి తిండి మార్చడానికి తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

విజయనగరంలో మా వీధివాళ్ళకీ, మా చుట్టాలకీ, మా అమ్మాయి చదివే కాలేజీవాళ్ళకీ, మా పేరు కూడా అడగకుండా సాయం చేసిన మరికొందరికీ ఈ పోస్టు రాస్తున్నాను. ఎవరికి వాళ్ళకి విడిగా చెప్పాను, కానీ నాకు తృప్తిగా లేదు. మీరు చేసింది నలుగురికీ తెలియాలి. మా అమ్మాయి మొత్తం చదివి సరేనన్నాకే పెడుతున్నాను. పేరు వద్దంది, ఫొటో వద్దంది, బరువు ఎంతో రాయొద్దంది. అవేమీ రాయను.

తనకి పదహారేళ్ళు, ఇంటర్ మొదటి సంవత్సరం. వానాకాలంలో జ్వరమొస్తే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ గారు గొంతు చూసి, వెన్ను మీద స్టెతస్కోపు పెడుతూ మెడ వెనక నలుపు గమనించారు. అప్పటిదాకా ఆ నలుపు చూసిన ప్రతివాళ్ళూ మురికనే అన్నారు. శనగపిండి రుద్దమన్నవాళ్ళు, నిమ్మచెక్క రుద్దమన్నవాళ్ళు, సరిగ్గా స్నానం చెయ్యదా అని పిల్ల ముందే అడిగినవాళ్ళు. డాక్టరమ్మ గారు మాత్రం నా వైపు కాకుండా మా అమ్మాయి వైపు తిరిగి, "ఇది మురికి కాదమ్మా, ఎంత రుద్దినా పోదు. ఒంట్లో షుగర్‌ని అదుపులో ఉంచే ఇన్సులిన్ ఎక్కువగా తయారవుతుంటే చర్మం ఇలా మందంగా, నల్లగా అవుతుంది. ఇందులో నీ తప్పేమీ లేదు" అన్నారు. పిల్ల మొహంలో ఎంత భారం దిగిందో నేను పక్కనుండి చూశాను. డాక్టరమ్మ గారూ, మీరు అంత రద్దీలో కూడా ఆ మాట తనతోనే చెప్పినందుకు మీకు నా మొదటి నమస్కారం.

రక్తపరీక్ష చేయిస్తే పరగడుపు షుగర్ మామూలుగానే ఉంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.8 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగర్ వ్యాధికి ముందు దశ అంటారు, 6.5 నుంచి షుగర్ వ్యాధి కిందే లెక్క. మా మామగారికి షుగర్ ఉండేది, మావారికీ నలభై దాటగానే వచ్చింది. అందుకని ఆ కాగితం చూడగానే నాకు చెమటలు పట్టాయి. డాక్టరమ్మ గారు ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పారు. లోపలివాళ్ళకి చెవుడొస్తే బయటివాళ్ళు తలుపు గట్టిగా బాదినట్టు, కండలూ కాలేయమూ ఇన్సులిన్ మాట సరిగా వినకపోతే దాన్ని తయారుచేసే క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుందట. దాన్నే ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటారు. క్లోమం అలా నెట్టుకొచ్చినంత కాలం షుగర్ అదుపులోనే కనపడుతుంది, అలసిపోయినప్పుడు బయటపడుతుంది. యుక్తవయసులో ఏ పిల్లలకైనా ఇన్సులిన్ పనితనం కొంత మందగించడం సహజమనీ, ఎదుగుదల పూర్తయ్యేసరికి చాలామందికి సర్దుకుంటుందనీ, ఇంట్లో షుగర్ ఉండి, నడుం చుట్టూ కొవ్వు చేరిన పిల్లలకి మాత్రం దానంతటదే సర్దుకుంటుందని వదిలెయ్యకూడదనీ చెప్పారు. మా పిల్లకి ఇప్పుడే మందు వద్దు, ముందు తిండి, నడక, నిద్ర చూద్దాం అన్నారు.

తిండి మార్చడమంటే ఏం చెయ్యాలో తెలియక తికమకపడుతుంటే మా పక్కింటి టీచరు గారు విశాఖలో డైటీషియన్‌గా పనిచేసే తన చెల్లెలికి ఫోన్ కలిపారు. ఆ మేడమ్ మొదట అన్న మాట, "ఫోన్ పాపకివ్వండి." తనని అడిగిన మొదటి ప్రశ్న, "నువ్వు ఏవి వదులుకోలేవు?" రాత్రి చారన్నం, ఆదివారం బిర్యానీ, అప్పుడప్పుడూ మైసూర్ బజ్జీ అని చెప్పింది పిల్ల. మూడూ మేడమ్ రాసిచ్చిన వారం పట్టికలో ఉన్నాయి. బిర్యానీ పక్కన పెరుగుచట్నీ, ముందు ఓ గిన్నెడు కీరా ముక్కలు చేరాయి, అంతే. అలా అడిగారు కాబట్టే కూల్‌డ్రింకులూ, ప్యాకెట్ జ్యూసులూ, పాలల్లో పంచదారా మానడానికి పిల్ల తనంతట తనే ఒప్పుకుంది. మేడమ్, ఫీజు అడగకుండా వారం వారం ఫోన్ చేసి, నాతో కాకుండా తనతో మాట్లాడినందుకు మీకు ఎన్ని దండాలు పెట్టినా చాలవు.

మేడమ్ చెప్పినవాటిలో మాకు అన్నిటికంటే పనికొచ్చింది క్యారేజీ సంగతి. మాది మూడు గిన్నెల క్యారేజీ. పెద్ద గిన్నె నిండా అన్నం, మధ్య దాంట్లో పప్పో సాంబారో, చిన్నదాంట్లో కూర, ఇదీ ఎప్పుడూ ఉండే వరస. ఇప్పుడు పెద్ద గిన్నెలో కూర, మధ్య దాంట్లో పప్పు, గుడ్డు లేదా చేప, చిన్న గిన్నెలో అన్నం. కొత్త సామాను కొనలేదు, తూకాలు వెయ్యలేదు. కంచంలో సగం కూరగాయలూ ఆకుకూరలూ పండ్లూ ఉండాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది కూడా ఇదే. కడుపు నిండుతోంది కాబట్టి పిల్లకి ఆకలి బాధ లేదు. ఎదిగే వయసులో ఆకలితో ఉంచకూడదని మేడమ్ గట్టిగా చెప్పారు.

కూర, పప్పు ముందు తిని అన్నం చివర్లో తింటే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదట. ఈ మాట విని మా అత్తగారు, "ఒట్టి కూర ఎవులైనా తింతారేటే?" అన్నారు. నిజమే, అన్నంలో కలుపుకోవడానికి చేసే కూరలో ఉప్పూ కారమూ ఒట్టిగా తినలేనంత ఉంటాయి. ఆ చిక్కు విప్పింది మళ్ళీ ఆవిడే. బీరకాయ పెసరపప్పు, ఆనపకాయ పాలు పోసిన కూర, గోరుచిక్కుడు కొబ్బరికోరు, అన్నిట్లోనూ ఉప్పూ కారం తగ్గించి, చెంచాతో తినేలా వండటం మొదలుపెట్టారు. డెబ్బై దాటిన మనిషి, యాభై ఏళ్ళుగా చేతికి అలవాటైన కొలత మనవరాలి కోసం మార్చుకున్నారు. మావారి బీపీకి కూడా అదే మంచిదయింది. వారానికి రెండుసార్లు ఉలవలు నానేసి గుగ్గిళ్ళు చేస్తారు, నెత్తళ్ళు (చిన్న చేపలు) దొరికిన రోజు పులుసు పెడతారు. అత్తయ్యగారూ, మీకు ఈ పోస్టు మా అమ్మాయే చదివి వినిపిస్తుంది.

రైతుబజారులో చోళ్ళు (రాగులు) అమ్మే పెద్దమ్మకి కూడా చెప్పాలి. నేను ఒకేసారి అయిదు కిలోలు అడిగితే, "ముందు అరకిలో పట్టుకెళ్ళమ్మా, గుంట తింటే మళ్ళీ రా" అంది, గుంట అంటే మా వైపు పిల్ల అని. పిండి మరీ మెత్తగా పట్టించొద్దనీ, బరకగా ఉంచి రాత్రి పులియబెట్టి పొద్దున్న నూకలతో అంబలి కాచమనీ, బెల్లం బదులు మజ్జిగ, ఉల్లిపాయ వెయ్యమనీ చెప్పింది. మేడమ్ చెప్పింది కూడా దానికి సరిపోయింది. మెత్తటి పిండితో జావ కాచి వడగట్టి తాగితే చోళ్ళయినా షుగర్ త్వరగానే పెంచుతాయట. ఇక్కడ నా మాటగా ఒకటి చెప్పాలి. సామలు, కొర్రలు అనగానే ఎంత తిన్నా పరవాలేదనుకోవద్దు. వాటిలోనూ పిండిపదార్థమే ఎక్కువ, అన్నం ఎంత పెట్టుకుంటామో అంతే పెట్టుకోవాలి. బెల్లం, తేనె కూడా శరీరానికి చక్కెర కిందే లెక్క.

కాలేజీ దగ్గర నాకు ఎక్కువ టెన్షన్ ఉండేది. పొద్దున్న ఏడింటికి వెళ్తే సాయంత్రం దాకా అక్కడే. మధ్యలో ఆకలేస్తే పఫ్, సమోసా, బిస్కెట్లు. డబ్బా తీసుకెళ్ళమంటే అందరి మధ్యా తనొక్కతే విప్పుకుని తినడం నామోషీ. ఈ సంగతి తన స్నేహితురాలి ద్వారా క్యాంటీన్ నడిపే బాబాయికి తెలిసింది. మర్నాటి నుంచి ఆయన ఉడకబెట్టిన శనగల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం పిండి అందరికీ అమ్మడం మొదలుపెట్టారు. ఎందుకు పెట్టారో ఎవరికీ చెప్పలేదు. పిల్లలు బాగానే కొంటున్నారట. మీరు మా పిల్లని వేరుగా నిలబెట్టకుండా చేసిన ఈ పని నేను జన్మలో మర్చిపోను బాబాయ్.

తన స్నేహితురాళ్ళు భోజనం అవగానే కూర్చోకుండా తనతో పాటు వరండాలో పది నిమిషాలు నడుస్తున్నారు. నడిచేటప్పుడు కండలు ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడకుండానే రక్తంలో చక్కెరని లాక్కుంటాయి, అందుకే తిన్న తర్వాతి నడకకి అంత విలువ. సాయంత్రాలు మా ఆడపడుచు తనని అయ్యకోనేరు గట్టు వైపు నడకకి తీసుకెళ్తుంది. మేనత్తా మేనకోడలూ సినిమాలూ చదువులూ మాట్లాడుకుంటారట, తిండి గురించి ఒక్క ముక్క రాదట. రాత్రి పదిన్నరకి ఫోన్లు హాల్లో పెట్టేసే అలవాటు మావారు ముందు తన ఫోన్‌తోనే మొదలుపెట్టారు. నిద్ర తగ్గినా ఇన్సులిన్ పనితనం తగ్గుతుందని అప్పుడే తెలిసింది మాకు.

మా ఊరి అమ్మవారి జాతర, పైడితల్లమ్మ సిరిమానోత్సవం గురించి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. తొలేళ్ళ నాటికే, అంటే సిరిమాను ముందురోజుకే, మా ఇంటినిండా చుట్టాలు. బూరెలు, గారెలు, పులిహోర. నాకు భయం తిండి గురించి కాదు, మాటల గురించి. "నువ్వు తినకూడదు కదే" అని ఒకరు, "ఒక్కటి తింటే ఏం కాదులే" అని ఇంకొకరు, "చిక్కావే" అని మరొకరు. ఈ మూడు మాటల్లో ఏదైనా పిల్లని పదిమందిలో రోగిని చేస్తుంది. మా ఆడపడుచు ముందురోజే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, పిల్ల కంచం గురించి ఎవరూ నోరెత్తొద్దని చెప్పిందట. నాకు తర్వాత తెలిసింది. వచ్చినవాళ్ళంతా ఆ మాట నిలబెట్టారు. పిల్ల కూర తింది, గారె తింది, ఒక బూరె తింది, చెల్లెళ్ళతో కలిసి సిరిమాను చూడ్డానికి వెళ్ళింది. తిండి మార్చడం కష్టం కాదు, మార్చుకునే పిల్లని మామూలు పిల్లలా ఉండనివ్వడం కష్టం. ఆ కష్టం నా బదులు మీరంతా పడ్డారు. పిన్నులూ, వదినలూ, పెద్దమ్మలూ, మీ అందరికీ చేతులెత్తి దణ్ణం.

కషాయాలూ పొడులూ పంపిస్తామన్నవాళ్ళకి, రోజుకి ఒక్క పూటే తినిపించమన్నవాళ్ళకి కూడా మీ ప్రేమకి కృతజ్ఞతలు. కానీ వాడలేదు. ఎదిగే పిల్లలకి పస్తులూ, అన్నం పూర్తిగా మాన్పించే డైట్లూ డాక్టరు చెప్పకుండా పెట్టకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మొన్న పరీక్షలో హెచ్‌బీఏ1సీ 5.5 వచ్చింది. మెడ మీద నలుపు కొంచెం పలచబడింది, పూర్తిగా తగ్గడానికి చాలా నెలలు పడుతుందని డాక్టరమ్మ గారు చెప్పారు. ఇదే పద్ధతి సాగించమన్నారు, వేసవి సెలవుల్లో మళ్ళీ చూపించాలి.

మేడమ్ రాసిచ్చిన వారం పట్టిక జిరాక్సులు తీయించి ఉంచాను. మీ ఇంట్లో ఇలాంటి పిల్లలుంటే అడగండి, ఇస్తాను. అది మా అమ్మాయి వయసుకీ ఒంటికీ రాసింది కాబట్టి ముందు మీ డాక్టరుకి చూపించండి. ఒట్టిగా తినే కూరలు ఎలా వండాలో నేర్చుకోవాలంటే ఆదివారం పొద్దున్న మా ఇంటికి రండి, మా అత్తగారు చూపిస్తానంటున్నారు.