హోప్ ఐలాండ్ మీద రాత్రి బసకు కట్టడాలు వద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

కాకినాడలో పర్యాటకం మాట ఎత్తగానే హోప్ ఐలాండ్ పేరు వస్తుంది. పొద్దున పడవెక్కి సాయంత్రానికి తిరిగొచ్చే యాత్రను ఎవరూ కాదనరు. దాని వెంటే వినపడే కాటేజీలు, జెట్టీ, రాత్రి బస, విద్యుద్దీపాలు అన్న మాటల గురించే ఈ ఉత్తరం.

హోప్ ఐలాండ్ గట్టి నేల కాదు. గౌతమి గోదావరి సముద్రంలో పోసిన ఇసుకను అలలు ఉత్తరానికి తోసుకుపోతుంటే సుమారు రెండు వందల ఏళ్లలో మేట వేసిన దిబ్బ. పొడవు దాదాపు 16 కిలోమీటర్లు. దానికి ఇవతల కాకినాడ అఖాతం, దక్షిణాన కోరింగ మడ అడవులు. తూర్పు నుంచి వచ్చే అల ముందు ఈ ఇసుకకే తగిలి నీరసపడుతుంది. యాంకరేజీలో, అంటే ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరేసే చోట, బార్జీల మీంచి ఓడలకు బియ్యం బస్తాలు ఎక్కించగలుగుతున్నామంటే ఈ దిబ్బ అడ్డుగా ఉండబట్టే. 1839 నవంబరు తుపానులో కోరింగ రేవు ఎలా తుడిచిపెట్టుకుపోయిందో ఈ జిల్లా వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇసుక దిబ్బ కదులుతూనే నిలబడుతుంది. తుపాను ఒడ్డును కోసి ఆ ఇసుకను కొంత సముద్రంలోకి లాగుతుంది, కొంత దిబ్బ మీదుగా వెనక్కి విసురుతుంది. తర్వాతి నెలల్లో చిన్న అలలు లాగిన ఇసుకను మళ్లీ ఒడ్డుకు చేరుస్తాయి. మధ్యలో కాంక్రీటు గోడ ఉంటే అల దానికి కొట్టుకుని వెనక్కి మళ్లుతూ గోడ పాదం దగ్గరి ఇసుకను తోడేస్తుంది. ముందు బీచ్ పోతుంది, ఆ తర్వాత గోడ కూలుతుంది. ఉప్పాడ ఒడ్డున కోతను ఆపడానికి వేసిన జియోట్యూబుల, అంటే ఇసుక నింపిన పెద్ద గుడ్డ సంచుల, గతి చూశాం. సంచి చిరిగి లోపలి ఇసుక జారిపోయాక అది కట్ట కాదు, గుడ్డపేలిక. జెట్టీది ఇంకో రకం తంటా. ఇసుక నడిచే దారికి అడ్డంగా కడితే ఒక పక్క మేట, రెండో పక్క కోత.

పైగా కొత్త ఇసుక రావడం తగ్గిపోయింది. ఎగువ ఆనకట్టల్లో మట్టి ఆగిపోయి, గోదావరి సముద్రానికి చేర్చే ఒండ్రు 1970ల నాటితో పోలిస్తే 1990ల చివరికే దాదాపు మూడో వంతుకు పడిపోయింది. పోలవరం నిండితే ఇంకా తగ్గుతుంది. పోయిన ఇసుకను నది మళ్లీ తెచ్చి నింపుతుందన్న ధీమా ఇక పనికిరాదు.

దిబ్బను పట్టి ఉంచేది సముద్రం వైపు పాకే బాలబంద తీగ, ముళ్ల గుత్తుల రావణాసురుని మీసాల గడ్డి. గాలికి ఎగిరే ఇసుక ఆ తీగల మొదట ఆగుతుంది, తీగ దాని మీదికి పాకుతుంది, మళ్లీ ఇసుక ఆగుతుంది. దిబ్బ ఎత్తు పెరిగేది అలాగే. రోజూ ఒకే దారిన వంద మంది నడిస్తే తీగ తెగి, ఆ గాడిలోంచి గాలి ఇసుకను ఊదేస్తుంది. తుపాను ఉప్పెన లోపలికి దూరేది సరిగ్గా అక్కడే. అందుకని నడక దారి ఒకటే ఉండాలి. అదీ నేల మీద కాకుండా, ఎత్తుగా బిగించి అవసరమైతే విప్పి తీసేయగల చెక్క పలకల మీద ఉండాలి.

తాబేళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఈ ఒడ్డుకు వస్తాయి. వెనక కాళ్లతో సుమారు 45 సెంటీమీటర్ల లోతున కుండ ఆకారంలో గుంట తవ్వి, నూరు నూట ఇరవై గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతాయి. పిల్లలు బయటకు రావడానికి 45 నుంచి 60 రోజులు. రాత్రి గుంటలోంచి వచ్చిన పిల్లకు సముద్రపు దిక్కు తెలిసేది వెలుగును బట్టే. నీటి మీది ఆకాశం నేల వైపు కన్నా కాస్త తెల్లగా ఉంటుంది, అటే పోతుంది. వెనక కాటేజీ దీపం వెలిగితే ఇటే వస్తుంది. తెల్లారేసరికి ఎండకో, కాకికో, కుక్కకో బలి. ఆ కుక్కలు కూడా మనం పారేసే తిండికి మరిగి అక్కడే స్థిరపడి, గుడ్ల వాసన పడతాయి. ఒడ్డున పచ్చదనం పేరుతో నీటి అంచు దాకా సరుగుడు నాటడమూ మంచిది కాదు. వేళ్లు గుంట తవ్వనివ్వవు. నీడకు ఇసుక చల్లబడితే ఆడపిల్లలు తగ్గుతాయి, ఎందుకంటే గుడ్డులో ఉన్నది ఆడో మగో తేల్చేది ఇసుక వేడి. గుడ్లను హేచరీకి, అంటే కాపలా పెట్టి పిల్లలు చేయించే చోటికి, తరలించక తప్పకపోతే పెట్టిన ఐదారు గంటల్లోపే, పైవైపు పైకే ఉండేలా, తిప్పకుండా మార్చాలి. ఆలస్యంగా దొర్లిస్తే లోపలి పిండం చనిపోతుంది.

సముద్రంలో మరబోట్లు ఈడ్చుకెళ్లే ట్రాల్ వలలో చిక్కిన తాబేలు ఊపిరికి పైకి రాలేక చస్తుంది. తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. అంటే గుడ్లు పెట్టే కాలం దాదాపు అయిపోయాక మొదలవుతుంది. దీనికి మందు, వలలో బిగించే తాబేలు తప్పించే చట్రం. ఏటవాలు ఉక్కు కడ్డీల సందుల్లోంచి రొయ్య వెనక సంచిలోకి పోతుంది, తాబేలు కడ్డీలకు తగిలి మూత తోసుకుని బయటపడుతుంది. అమెరికా నిబంధన ప్రకారం కడ్డీల మధ్య 4 అంగుళాలకు మించకూడదు, వాలు 30 నుంచి 55 డిగ్రీలు ఉండాలి. వాలు మరీ పడుకుంటే నీటి ఒరవడి మూతలోంచి పోయి రొయ్యనూ తీసుకెళ్తుంది. మరీ నిటారుగా నిలిస్తే తాబేలు జారదు, చెత్త అడ్డుపడుతుంది. చట్రం పెడితే రొయ్య పోతుందన్న మత్స్యకారుల ఫిర్యాదులో నిజం ఉంది. చాలాసార్లు అది బిగింపులో లోపం, దాన్ని రేవులోనే దగ్గరుండి సరిచేసి చూపించాలి. ఈ చట్రాలు లేవనే 2019లో అమెరికా మన సముద్రంలో పట్టిన రొయ్య దిగుమతిని ఆపేసింది. కాబట్టి ఇది తాబేళ్ల బతుకే కాదు, బోటు బతుకు కూడా.

ఇక తాగునీరు. దిబ్బ కింద వాన నీరు ఉప్పునీటి మీద పలచని పొరగా తేలుతుంది. చెలమ తీసి చెంబుతో తోడుకున్నంత వరకు అది తియ్యగానే ఉంటుంది. మోటారు పెట్టి మట్టం ఒక అడుగు దించితే కింది ఉప్పునీరు నలభై అడుగుల వరకు పైకి వచ్చే లెక్క. అంత మందం లేని చోట బావి ఉప్పుబారడానికి ఎన్నో రోజులు పట్టదు. నష్టపోయేది అతిథులు కాదు, అక్కడే కాపురాలున్న మత్స్యకారులు. వాళ్ల ఊళ్ల పేర్ల చివరే ‘పాకలు’ అని ఉంటుంది. ఒడ్డు జరిగితే పాక జరుగుతుంది. ఆ బతుకు దిబ్బ తీరుకు సరిపోయింది. వాళ్లను ఖాళీ చేయించే ఆలోచన ఏ ప్రణాళికలోనూ ఉండకూడదు.

2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ తీరానికి దగ్గరి దీవుల్లో పోటు రేఖ (పోటు వేళ నీరు చేరే గీత) నుంచి 20 మీటర్లనే కట్టడాలు నిషిద్ధమైన మేరగా పెట్టింది. ఒక్క తుపానుకే ఒడ్డు అంత జరిగే చోట ఆ 20 మీటర్లు ఎందుకూ సరిపోవు. అయితే అదే నోటిఫికేషన్ మడ అడవులను, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లను, ఇసుక దిబ్బలను అత్యంత రక్షణ ఉన్న మొదటి తరగతిలో చేర్చింది. కాబట్టి దిబ్బ మొత్తాన్నీ ఆ తరగతి కిందే చూడమని అడుగుతున్నాం.

జిల్లా యంత్రాంగం చేయదగినవి ఉన్నాయి. రోజుకు ఎన్ని పడవలు, ఎంతమంది అన్నది ముందే నిర్ణయించి రేవులోనే టికెట్ ఇవ్వాలి. జనవరి నుంచి మే వరకు సాయంత్రం ఐదు దాటాక దిబ్బ మీద ఎవరినీ ఉంచకూడదు. తీసుకెళ్లిన ప్లాస్టిక్ సీసాలు లెక్కపెట్టి వెనక్కి తేవాలి. తిండి మిగిలితే పడవలోనే రావాలి. అన్నింటికన్నా ముందు, ఏ కట్టడం ప్రతిపాదన వచ్చినా అందులో వాడిన పోటు రేఖ ఏ ఏడాది కొలిచిందో పటం మీద రాసి, తాళ్లరేవు, కాకినాడ మత్స్యకారుల ముందు తెలుగులో పెట్టాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కాకినాడ