పాత కారులో పెట్రోల్ హీటర్: ముందు పరీక్షించాల్సింది లోపలి గోడను

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పాత కార్ల మీద వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న ఒక పాత కారుకు, దాని కాలానికే చెందిన పెట్రోల్ హీటర్‌ను, అంటే పెట్రోల్‌ను మండించి కారు లోపలి గాలిని వేడి చేసే పరికరాన్ని, వెతికి తెచ్చి అమర్చుకున్న యజమాని ఓపికను రచయిత మనసారా మెచ్చుకోవడం నాకు సంతోషం కలిగించింది. అయితే ఆ పని ఒక్క మధ్యాహ్నంలో అయిపోతుందని రాసిన వాక్యాన్ని చదివి, పక్కనే అచ్చయిన ఫోటోలో హీటర్ పొగగొట్టం డ్రైవరు తలుపు కిందకు వచ్చి అక్కడే ఆగిపోవడం చూశాక, ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

ఇలాంటి హీటర్‌ను పెట్టుకోవడమే తప్పని నేను అనడం లేదు. నీటితో చల్లబడే ఇంజిన్ అయితే ఆ వేడి నీటినే ఒక చిన్న రేడియేటర్‌లోకి మళ్లించి కారు లోపలి గాలిని వేడి చేయవచ్చు. గాలితో చల్లబడే ఇంజిన్‌కు ఆ వీలు లేదు. ఫోక్స్‌వాగన్ బీటిల్‌లో పొగగొట్టాల చుట్టూ ఉన్న తొడుగుల గుండా గాలిని పంపి వేడిని లోపలికి తెస్తారు కాని, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆ వేడి గడ్డకట్టే చలికి ఏ మూలకూ చాలదు. అందుకే 1960 మోడల్ షెవర్లే కోర్వేర్‌కు పెట్రోల్‌తో మండే హీటర్‌ను అదనపు పరికరంగా ఇచ్చారు. 1968లో వచ్చిన ఫోక్స్‌వాగన్ 411కు దాన్ని కారుతోపాటే అమర్చి ఇచ్చారు. సోవియట్ జపొరోజెట్స్ కార్లలోనూ అది ఉండేది. కాబట్టి ఆ కాలపు కారులో ఆ కాలపు హీటర్ ఉండాలనుకోవడం న్యాయమైన కోరికే.

వ్యాసం అన్ని పెట్రోల్ హీటర్లనూ ఒకే గాటన కట్టింది. అమెరికాలో స్టూవర్ట్ వార్నర్ కంపెనీ 1930ల్లో అమ్మిన సౌత్ విండ్ హీటర్, ఇంజిన్ కోసం పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బ్యురేటర్ నుంచే పెట్రోల్‌ను తీసుకునేది, మండగా వచ్చిన పొగను ఇంజిన్ పీల్పు బలంతో, ఇంజిన్‌లోకి గాలిని చేర్చే ఇన్‌టేక్ మానిఫోల్డ్ అనే గొట్టాల్లోకి పంపేది. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ హీటర్‌లో పెట్రోల్ మండే దహన గదిలో పీల్పు ఉంటుంది కనుక, ఆ గది గోడకు చిన్న పగులు ఉన్నా పొగ బయటకు రావడం కంటే బయటి గాలి లోపలికి పోవడమే ఎక్కువ. యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కి పీల్పు పడిపోయినప్పుడు మాత్రం ఆ రక్షణ ఉండదు. తర్వాతి కాలంలో వచ్చిన హీటర్లు, ఉదాహరణకు జర్మనీలో ఎబర్‌ష్పెషర్ తయారుచేసినవి, తమ సొంత పంపుతో పెట్రోల్‌ను, సొంత ఫ్యానుతో గాలిని తెచ్చుకుని పొగను విడి గొట్టం ద్వారా వదులుతాయి. ఇంజిన్ ఆగి ఉన్నా పనిచేయడం వాటి గొప్ప. వాటిలో పగులు పడితే మాత్రం పొగ కూర్చున్నవారి వైపే దారి వెతుక్కోవచ్చు. ఫోటోలో ఉన్నది ఈ రెండో రకమే.

ఈ హీటర్‌లో రెండు గాలులు పక్కపక్కనే ప్రవహిస్తాయి. ఒకటి పెట్రోల్‌తో కలిసి మండి బయటకు పోతుంది. రెండోది ఆ మంట ఉన్న గది వెలుపలి గోడను తాకి వేడెక్కి మనం పీల్చే గాలిగా కారులోకి వస్తుంది. రెండింటి మధ్య ఉన్నది పలుచని లోహపు గోడ ఒక్కటే. దాన్నే హీట్ ఎక్స్‌ఛేంజర్ అంటారు. కొన్ని దశాబ్దాలపాటు వేడెక్కి చల్లారి, పొగలోని తేమకు తుప్పు పట్టిన ఆ గోడ ఎక్కడైనా చిట్లితే, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ వెచ్చటి గాలితో కలిసి లోపలికి చేరుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత మొదలైనప్పుడు ప్రయాణపు బడలిక అనుకుంటాం తప్ప హీటర్‌ను అనుమానించం. ఇలాంటి హీటర్లలో ఆ గోడను గరిష్ఠంగా పదేళ్లే వాడాలని, తర్వాత తయారీదారు గాని అధీకృత వర్క్‌షాపు గాని అసలు విడిభాగంతో మార్చాలని జర్మనీలో నియమం పెట్టారు. మన చేతికి వచ్చేవి యాభై, అరవై ఏళ్లనాటివి.

నా అనుభవం చెబుతాను. నేను మొదట కొన్న హీటర్ కొత్త రంగుతో మెరుస్తూ ఉండేది. బాగా పనిచేస్తుందన్న హామీతోనే అమ్మారు, బల్లమీద పెట్టి మండిస్తే మొదటిసారికే అంటుకుంది కూడా. అయినా మనసొప్పక, దహన గదికి ఉన్న రంధ్రాలన్నీ మూసి, ఒకదాని ద్వారా సైకిలు పంపుతో కొద్దిపాటి గాలి ఎక్కించి నీళ్ల తొట్టిలో ముంచాను. వెల్డింగ్ అతుకు పక్కనుంచి సన్నని బుడగలు వరసగా పైకి వచ్చాయి. పైకి ఎత్తి చూస్తే ఆ పగులు కంటికి ఆనలేదు. దాన్ని మళ్లీ వెల్డింగ్ చేయించవచ్చు కదా అని స్నేహితులు అన్నారు. కాలి పలచబడిన రేకు మీద అతుకు వేస్తే దాని పక్కనే మరో పగులు వస్తుందన్న భయంతో నేను ఒప్పుకోలేదు, ఆ హీటర్‌ను మళ్లీ ఎవరికీ అమ్మలేదు. రెండోది ఈ పరీక్షలో నిలిచింది. అయితే చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉండే పగులు వేడికి తెరుచుకోవచ్చు కనుక కారులో కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టుకున్నాను.

విప్పి శుభ్రం చేయడంలోనూ జాగ్రత్త అవసరం. ఆ రోజుల్లో పెట్రోల్‌లో సీసం కలిపేవారు. లోపల పేరుకున్న బూడిదలో అది ఉండవచ్చు. భాగాల అతుకుల మధ్య పెట్టే పాత గాస్కెట్లలో, పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ నార ఉండే అవకాశం ఉంది. అందువల్ల కంప్రెసర్ గాలితో ఊదకుండా, తడిపి, మాస్కు పెట్టుకుని తీయాలి.

ఇక అమరిక. మంటకు కావలసిన గాలి కారు బయటి నుంచే రావాలి, పొగ బయటకే పోవాలి. పొగగొట్టం లోపల నీరు నిలవకుండా కొద్దిగా వాలుగా ఉంచి, చివరను కారు అంచు దాటించాలి; అది గాలి పీల్చే రంధ్రాల దగ్గర గాని, తుప్పు పట్టిన నేల రేకు కింద గాని తెరుచుకోకూడదు. బట్ట చుట్టిన పాత రబ్బరు పెట్రోల్ గొట్టాలను తీసేసి, ఇప్పటి ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కు తట్టుకునేవి వేసి, క్లాంపులు బిగించి, వేడి భాగాలకు దూరంగా నడపాలి. హీటర్ మితిమీరి వేడెక్కితే ఆపేసే స్విచ్చు ఒకటి ఉంటుంది. అది మాటిమాటికీ ఆపుతున్నదని పాత యజమానులు చిన్న తీగతో దాన్ని దాటవేసిన సందర్భాలను నేను స్వయంగా చూశాను. ఆ తీగ కనిపిస్తే పీకేస్తే చాలదు, స్విచ్చు ఎందుకు ఆపిందో కూడా కనుక్కోవాలి.

కరెంటు విషయంలో పొరపాటు సులువుగా జరుగుతుంది. 6 వోల్టుల కారుకు 12 వోల్టుల హీటర్ పనికిరాదు. 6 వోల్టులదే దొరికినా, అదే శక్తికి రెట్టింపు కరెంటు కావాలి కనుక మందపు తీగ, విడి ఫ్యూజు పెట్టాలి. పాత కార్లవాళ్లకు కారు ఆపగానే బ్యాటరీ స్విచ్చు కట్టేసే అలవాటు ఉంటుంది. మంట ఆరాక కూడా ఫ్యాను కొంతసేపు తిరిగి ఆ గోడను చల్లబరచాలి. ఆ సమయంలో బ్యాటరీ తెంపేస్తే వేడంతా లోపలే నిలిచి, మనం అంత శ్రద్ధగా పరీక్షించిన గోడే వంకర తిరుగుతుంది. పెట్రోల్ పోయించుకునేటప్పుడు, మూసిన షెడ్డులో ఉన్నప్పుడు హీటర్‌ను వెలిగించకూడదన్న మాట కూడా వ్యాసంలో ఒక్క వాక్యంగా ఉండాల్సింది.

ఆ కారు యజమాని మీ ప్రతినిధికి అందుబాటులో ఉన్నారు గనుక నాదొక విన్నపం. పొగగొట్టాన్ని తలుపు కింద నుంచి బయటి అంచు దాకా పొడిగించేవరకు, గోడను నీళ్లలో ముంచి పరీక్షించేవరకు ఆ హీటర్‌ను వెలిగించవద్దని ఆయనకు దయచేసి తెలియజేయండి. అదే మాటను, అదే ఫోటోతో, వచ్చే ఆదివారం అనుబంధంలో అచ్చువేయండి.

భవదీయుడు,
పాత కార్లను ఇష్టపడే ఒక పాఠకుడు