జడపిన్ను మడత కథ కూడా పిల్లలకు చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పిల్లల పేజీలో డీఎన్‌ఏను మెలితిరిగిన నిచ్చెనగా మాత్రమే చూపించారు. బొబ్బిలిలో ముప్పై ఏళ్లు రసాయనశాస్త్రం చెప్పినదాన్ని, రాయకుండా ఉండలేకపోయాను. నిచ్చెనలో ఒక పక్క మాత్రమే ఉన్న పొట్టి డీఎన్‌ఏ ఒంటిపోగు తన రెండు కొసలూ జత కుదిరితే తనమీద తానే మడతపడి, జడపిన్నులా మధ్యలో వంపు మిగుల్చుకుంటుంది. చాలావాటికి అందుకు పట్టేది మైక్రోసెకన్లే.

అంత వేగాన్ని కొలవడమెలా? ఇక్కడ గొల్లపల్లిలో వీణ చేసేవారు తీగను మీటి, నాదం ఎలా అణిగిపోతుందో వింటారు. ఇదీ అలాంటిదే. ఈ పోగులున్న ద్రావణంలో కొన్ని ముడుచుకుంటూ, అదే వేగంతో కొన్ని విచ్చుకుంటూ ఉంటాయి, అదే సమతాస్థితి. ద్రావణాన్ని ఒక్కసారిగా వేడిచేస్తే అది చెదురుతుంది. ద్రావణం కొత్త సమతాస్థితికి చేరే తీరును గమనిస్తారు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ ఐగెన్, కెపాసిటర్‌లో (విద్యుత్తును నిల్వచేసే పరికరం) ఉన్న విద్యుత్తును ద్రావణంలోకి వదిలి వేడి పుట్టించారు. చెదిరిన సమతాస్థితితో అతివేగ చర్యలను కొలిచినందుకే 1967లో నోబెల్‌లో వాటా అందుకున్నారు. ఇప్పుడైతే పరారుణ లేజర్ మెరుపుతో కొన్ని నానోసెకన్లలోనే నీటి ఉష్ణోగ్రత ఉన్నదానికన్నా పది డిగ్రీల దాకా పెరుగుతుంది. మడత విచ్చుకుంటే 260 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని పోగు ఎక్కువగా పీల్చుకుంటుంది, అదే ఆనవాలు.

నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటుంది. అలా కొలిచిన వేగం విచ్చుకోవడానిది మాత్రమే కాదు, ముడుచుకునే వేగం కూడా అందులో కలిసి ఉంటుంది. వంపు పొడవైతే కొసలు కలుసుకోవడం ఆలస్యమవుతుంది.

ఇంటర్ పిల్లలకు సమతాస్థితి అంటే కదలిక లేని స్థితి అనే భ్రమ పోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. దయచేసి ఒక ఆదివారం, బొమ్మలతో వేయండి.

— విశ్రాంత ఉపాధ్యాయురాలు, బొబ్బిలి, విజయనగరం జిల్లా