అడ్మిషనా, అబ్జర్వేషనా? ముందే చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల రాత్రి పదింటికి మా అమ్మకి ఛాతీలో నొప్పి వస్తే ఆసుపత్రికి పరుగెత్తాం. ఎమర్జెన్సీలోనే ఓ మంచం మీద పడుకోబెట్టి, చేతికి సెలైన్ పెట్టి, మధ్యమధ్యలో ఈసీజీ తీస్తూ మర్నాడు సాయంత్రం నాలుగింటికి ఇంటికి పంపారు. 18 గంటలు. గుండెకి ఏమీ కాలేదు, అదే పదివేలు. కానీ బీమా డబ్బులు రాలేదు, ఎందుకంటే అమ్మని ఇన్‌పేషెంటుగా చేర్చుకోలేదట, అబ్జర్వేషన్‌లో ఉంచారంతే.

మామూలుగా పాలసీల్లో వరసగా 24 గంటలు ఇన్‌పేషెంటుగా ఉంటేనే ఆసుపత్రిలో చేరినట్టు లెక్క. శుక్లాల ఆపరేషన్, డయాలసిస్, కీమోథెరపీ లాంటివి డే కేర్ కిందికి, అంటే ఒక్క రోజులోపే ముగిసే చికిత్సల కిందికి వస్తాయి కాబట్టి వాటికి ఆ నిబంధన లేదు, నాన్న కంటి ఆపరేషన్‌కి పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేసినా క్లెయిమ్ అందింది. మధ్యలో నలిగిపోయేది అమ్మలాంటి వాళ్లే. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషి పక్కన నిలబడి ఇవన్నీ అడగాలని ఎవరికి తోస్తుంది?

మంచం ఇచ్చిన గంటలోపే అది అడ్మిషనో, అబ్జర్వేషనో, డే కేరో తెలుగులో రాసిన చీటీ ఒకటి మా చేతికివ్వాలి. ఆసుపత్రుల్ని, బీమా నియంత్రణ సంస్థని నేను కోరేది ఇదే.

– ఒక పాఠకురాలు, గుంటూరు